జతపరచినవి



"ఇంజినీరువి కదా, టెక్నాలజీ గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు మన సంఘం వాళ్ళు. టెక్నాలజీ నాకంటే ఈ పిల్లలకే ఎక్కువ తెలుసు. అందుకని నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. అది ముదినేపల్లిలోనే, మా డాబా మీదే జరిగింది.

2005లో నాన్నగారికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే హైదరాబాదు నుంచి ఉన్నపళంగా బయల్దేరాను. లాప్‌టాప్ ఆఫీసులోనే ఉండిపోయింది. జేబులో మాత్రం స్మార్ట్‌ఫోను ఉంది. 1996లో నోకియా వారు 9000 కమ్యూనికేటరు తెచ్చినప్పుడు దాని బరువు దాదాపు 400 గ్రాములు. నా చేతికొచ్చేసరికి ఆ రకం ఫోన్ల బరువు తగ్గింది. కానీ తెర చిన్నది, బటన్లు పెసరగింజలంత.

ఆ రాత్రి తొమ్మిదింటికి విశాఖపట్నం దగ్గరున్న మా సైటు నుంచి ఫోను. పొద్దున ఆరింటికి శ్లాబు కాంక్రీటు మొదలు. ఒకచోట 12 మిల్లీమీటర్ల రాడ్ల బదులు 16 వేయాలని మార్చిన డ్రాయింగు వాళ్ళకి చేరలేదు. ఆ ఫైళ్ళు నా ఫోను మెమరీ కార్డులో ఉన్నాయి. ఊళ్ళో నెట్ సెంటరు మూసేశారు. ఇక ఫోనులోంచే పంపాలని సిగ్నల్ కోసం డాబా ఎక్కాను.

పిల్లలకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈమెయిలు పుట్టింది అక్షరాల కోసం. దానికి బొమ్మలూ ఫైళ్ళూ జతచేసే పద్ధతిని నథానియెల్ బోరెన్‌స్టెయిన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు రూపొందించారు. 1992 మార్చిలో బోరెన్‌స్టెయిన్ తన పాటల బృందం ఫోటోనూ, పాటనూ జతచేసి పంపాడు. ఈ పద్ధతిలో ఫైలుని అక్షరాలుగా మార్చి పంపుతారు. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. అంటే ఒకటిన్నర ఎంబీ డ్రాయింగు దారిలో రెండు ఎంబీ అవుతుంది. అప్పటి జీపీఆర్‌ఎస్ సెకనుకి 30, 40 కిలోబిట్లు ఇస్తే గొప్ప. లెక్క కడితే ఏడు నుంచి తొమ్మిది నిమిషాలు.

నాలుగో నిమిషంలో ఫోను మోగింది. "సార్, పంపారా?" నా ఫోనులో మాట, డేటా రెండూ ఒకేసారి నడవవు. మాట్లాడుతుంటే పంపడం ఆగిపోయి, కనెక్షన్ తెగేది. తెగితే మళ్ళీ మొదటి నుంచే. రెండోసారీ అంతే అయింది.

"బాబూ, నువ్వు అడిగినప్పుడల్లా నేను మొదటికొస్తున్నాను. నేను చేసేదాకా చెయ్యకు" అన్నాను.

అప్పుడు తట్టింది, మొత్తం సెట్టు ఎందుకని. మారిన షీటు విడిగా కూడా ఉంది, 150 కేబీ. ఒక్క నిమిషంలో వెళ్ళిపోయింది. తెర మీద 'సెంట్' అని పడింది. హమ్మయ్య అనుకుని కిందికి దిగాను.

మంచం మీద నుంచి నాన్నగారు అడిగారు: "అందిందా?"

"పంపేశాను నాన్నగారూ."

"పంపావా అని కాదురా, అందిందా అని."

ధాన్యం మిల్లుకి తోలిన రోజున తూకం చీటీ చేతికొస్తేగాని ఆయన నిద్రపోయేవారు కాదు. మళ్ళీ డాబా ఎక్కి సైటుకి ఫోను చేశాను.

"వచ్చింది సార్, ప్రింటు తీశాను."

"కుడివైపు కింది మూల రివిజన్ నంబరు చదువు."

"ఒకటి సార్."

గుండె జారిపోయింది. కావలసింది రెండు. రెండు ఫైళ్ళ పేర్లూ ఒకేలా మొదలవుతాయి, తేడా చివరి అంకెలోనే. చిన్న తెర మీద పేరు సగమే కనబడేది. నేను పాతదాన్నే జతచేశాను. మెయిల్లో ఒక్క ముక్క కూడా రాయలేదు కాబట్టి ఆ కుర్రాడికి అనుమానం వచ్చే వీల్లేదు. ఆ కాగితం చూసే పొద్దున రాడ్లు కట్టేసి కాంక్రీటు పోసేసేవాళ్ళు. పోశాక లోపలి రాడ్లు ఎవరికీ కనబడవు.

ఈసారి ఫైలు తెరిచి చూసి జతచేశాను. ఆ ఫోనులో తెలుగు లేదు, ఇంగ్లీషులోనే కొట్టాను: జతపరచినది ఒక షీటు, రివిజన్ 2, 16 మిల్లీమీటర్ల రాడ్లు. అతను ఫోనులో అంకెలు తిరిగి చదివాకే పడుకున్నాను.

పడుకున్నాక మన తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. లేఖారచనలో ఉత్తరం చివర 'జతపరచినవి' అని రాసి, ఏ కాగితాలు, ఎన్ని అని వరసగా రాయమనేవారు. మరిచిపోతే ఒక మార్కు కోత. "కవరు విప్పినవాడికి లోపల ఏముండాలో తెలియకపోతే, ఏది లేదో ఎలా తెలుస్తుందిరా?" అనేవారు. ఆ మార్కు నేను చాలాసార్లు పోగొట్టుకున్నాను.

పిల్లలూ, ఇప్పుడు మీ ఫోనులో అలాంటి ఫైలు సెకన్లలో వెళ్తుంది. రెండు నీలం టిక్కులు పడతాయి. అవతలివాళ్ళు చూశారని అవి చెబుతాయి, సరైనది చూశారో లేదో చెప్పవు. హాల్ టికెట్టయినా, ఆస్పత్రి రిపోర్టయినా, పొలం కాగితమైనా పంపేటప్పుడు ఏం జతచేశారో ఒక్క వాక్యం రాయండి. అందాక ఏం అందిందో అడగండి. పని అక్కడ పూర్తవుతుంది.

ఈ పాఠం ఈ బడిలోనే నేర్పారు. నేర్చుకోవడానికే నాకు అన్నేళ్ళు పట్టింది. సెలవు.