విమాన చోదకుడును సంఘమును

మొన్నటి సంక్రాంతికి నా పూర్వశిష్యుడొకడు హిందూపురములోని మా యింటికి వచ్చెను. పెనుకొండ చెంత నొక పల్లెలో వేరుసెనగ పండించు కుటుంబములోనివాడు. నా తరగతిలో సంధిసూత్రములు వల్లెవేయుటకు మిక్కిలి బద్ధకించినవాడు. ఇప్పుడొక ప్రైవేటు కంపెనీలో విమానము నడుపుచున్నాడు. తండ్రి రెండెకరములమ్మి, అది చాలక బ్యాంకు ఋణము తెచ్చి వానికి ఆ విద్య నేర్పించెను. ఆ ఋణమింకను తీరలేదు. వాడు కాఫీ త్రాగి, సంచిలోనుండి మడిచిన కాగితమొకటి తీసి, "అయ్యవారూ, దీనిమీద సంతకము చేయుమందురా, వలదందురా?" అని యడిగెను. అది పైలట్ల సంఘములో సభ్యత్వమునకు దరఖాస్తు.

నేను నవ్వితిని. నెలకు లక్షలు గడించువానికి సంఘమెందుకు? మీలోను పెక్కుమందికిట్లే తోచును. రెండు గంటలు వాని మాట విన్న పిమ్మట నా నవ్వునకు నేనే సిగ్గుపడితిని.

వాడు చెప్పినది జీతమును గూర్చి కాదు, నిద్రను గూర్చి. తెల్లవారుజామున కన్నులు మూతపడుచున్నపుడు, "నేనలసియున్నాను, ఈ విమానమును నడుపజాలను" అని చెప్పుకొనుటకు చోదకునికి నిబంధనలలో వీలు కలదు. కాని అట్లు చెప్పినవాని పేరు తన కంపెనీలో అధికారుల మనస్సున నిలిచిపోవునట. ఒక్కడు చెప్పిన వాడు సోమరి. నూరుగురు చెప్పిననే అది ఆలోచింపదగిన విషయమగును.

నా బాల్యము ధర్మవరములో గడచినది. మా పొరుగున ఇంజను డ్రైవరొకాయన యుండెడివాడు. ఆయన పని దిగివచ్చి పగలు నిద్రించునపుడు ఆయన యిల్లాలు వీధిలోని పిల్లలనందరను తరిమివేసెడిది. గోలీలాడుచు నేనును ఆమెచేత దెబ్బలు తింటిని. బండి యెక్కిన మనిషి ఎప్పుడు దిగునో ఇంటివారికి తెలియదు. 1973 ఆగస్టులో దేశమందలి ఇంజను చోదకులు పెద్ద సంఘములకై కాచుకొనక, తమ సొంత సంఘము పక్షమున సమ్మె చేసి, పనివేళను పది గంటలకు పరిమితము చేయుదుమన్న హామీని రైల్వే మంత్రి నుండి పొందిరి. నేడు వారిని లోకో పైలట్లనుచున్నారు. పేరును కలిసినది, నిద్రలేమియు కలిసినది.

అదే ధర్మవరములో గుంతమగ్గమున కూర్చుండు నేతగానిని చూడుడు. ప్రక్క ప్రక్క యిండ్లలో పట్టుచీరలు నేయుచున్నను, షావుకారుతో కూలి బేరము ఎవరికివారే యాడుదురు. నా శిష్యుడును కంపెనీతో ఒడంబడికను అట్లే ఒంటరిగా వ్రాసికొనినవాడు.

అయితే వాని భయము నిష్కారణము కాదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అను సంఘమును స్థాపించుకొనగా, వారిలో ఇద్దరి ఉద్యోగములు పోయినవి. తోడివారు వందలకొలదిగా అస్వస్థులమని సెలవు పెట్టిన పిదప గాని వారిని తిరిగి చేర్చుకొనలేదు. 2012లో ఎయిర్ ఇండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్ వారు 58 దినములు సమ్మె చేసిరి. సంఘమునకు గుర్తింపు పోయినది. నూరుమందికి మించి ఉద్యోగములు కోల్పోయిరి. తగవు దేనికనుకొందురు? క్రొత్త బోయింగు 787 విమానములపై పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్సు పైలట్లకు కూడ శిక్షణ నిచ్చుటకు! తోడివాని విస్తరి చూచి అలిగిన సంఘమునెడ నాకు సానుభూతి తక్కువే.

చట్టములో మరియొక మెలిక కలదు. సంఘము నమోదగుట వేరు, యజమాని దానితో కూర్చుండి మాటలాడుట వేరు. 1926 నాటి చట్టము మొదటిదానినే చెప్పెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, పలు సంఘములున్నచోట నూటికి 51 మంది సభ్యులు గలదానికి బేరమాడు హక్కునిచ్చినది. కాని వివాదము తెచ్చునపుడు, పర్యవేక్షకుడై నెలకు 18,000 రూపాయలకు మించి పొందువాడు కార్మికుడు కాడట. విమానములో సిబ్బందికాజ్ఞలిచ్చు కెప్టెను కార్మికుడా, అధికారియా? 2023లో ఎయిర్ ఇండియా సీనియరు కమాండరులను యాజమాన్యవర్గమున చేర్చబోగా పైలట్ల సంఘములు అడ్డుపడినది ఇందుకే. బిరుదమిచ్చి బృందమునుండి విడదీయుట మన గ్రామములలోను ఎరుగనిది కాదు.

ఇక సంఘములవలన ఫలమేమందురా? 2024 జనవరిలో పౌరవిమానయాన డైరెక్టరేటు వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచి, రాత్రి పనిలో విమానము దింపుటలను ఆరునుండి రెంటికి తగ్గించెను. అమలు వాయిదా పడగా, పైలట్ల సంఘములు ఢిల్లీ హైకోర్టులో పోరాడినవి. 2025లో రెండు విడతలుగా అమలైనవి. ఆ డిసెంబరులో ఇండిగో విమానములు వేలకొలదిగా రద్దయి జనులల్లాడగా, ప్రభుత్వము ఆ కంపెనీకి కొన్ని నియమములను తాత్కాలికముగా సడలించెను. అప్పుడును అభ్యంతరము తెలిపినవి సంఘములే.

నేను వానికి సంతకము చేయుమనిగాని, వలదనిగాని చెప్పలేదు. "నాయనా, తెల్లవారుజామున నీ వెనుక కూర్చుండువారెందరు?" అని మాత్రమడిగితిని. "నూటయెనుబది మంది, అయ్యవారూ" అనెను. సాయంకాలము వానిని హిందూపురము స్టేషనులో రైలెక్కించితిని.

పది దినములకు ఫోను చేసి, సంతకము చేసితిననియు, ఋణము తలచి తండ్రికి మాత్రమింకను తెలుపలేదనియు చెప్పెను. నీ తండ్రికి రేడియో వినునలవాటు కలదు గదా యని జ్ఞాపకము చేసితిని. కొంచెము తాళి, "అయితే మీరే చెప్పుడు, అయ్యవారూ" అనెను.