నీడ్‌ఫుల్ అంటే ఏటి బాబూ?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తప్పుగా వాడే ఇంగ్లీషు సామెతల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. ముప్పైఆరేళ్లు డ్రాఫ్టులు రాసినవాణ్ణి గనక తప్పులు నాకు బాగా తెలుస్తాయని ఆయన నమ్మకం. చేసినవాడికి తెలియకేం!

ఎవరైనా మన మాటకి ఎదురు ఉదాహరణ చూపిస్తే "ఎక్సెప్షన్ ప్రూవ్స్ ది రూల్" అని తప్పించుకుంటాం. ఎదురు ఉదాహరణ నియమాన్ని ఎలా రుజువు చేస్తుందండీ? దీని మూలం లాటిన్ న్యాయసూత్రం. "ఆదివారం ఇక్కడ సైకిళ్లు పెట్టవచ్చును" అని బోర్డు ఉందనుకోండి. మిగతా ఆరు రోజులూ పెట్టకూడదని రాయకుండానే తెలుస్తుంది. మినహాయింపు ఇచ్చారంటే మిగిలినవాటికి నియమం ఉన్నట్టే. జీవోలు నమిలినవాళ్లం, మనకిది కొత్త కాదు.

మొన్న మా మనవడు "మీటింగ్ ప్రీపోన్ అయింది తాతయ్యా" అంటే, అది ఇంగ్లీషే కాదురా అని కసిరాను. వాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చూపించాడు. మన దేశంలో వాడే మాటని చేర్చుకున్నారు. నోరు మూసుకున్నాను.

"డూ ది నీడ్‌ఫుల్" సంగతి వేరు. అది తప్పు కాదు. ఒకప్పుడు ఇంగ్లండులో వాడినదే. అక్కడ పాతబడింది, మన ఫైళ్లలో మిగిలింది. నా పెద్ద తప్పు మాత్రం ఆ ఒప్పు ఇంగ్లీషుతోనే జరిగింది.

1974. విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక ఆఫీసులో గుమస్తాని. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా మా సెక్షనులో ఇంగ్లీషే నడిచేది. చనిపోయిన ప్యూను భార్య పెట్టుకున్న ఫ్యామిలీ పెన్షను కాగితాల్లో మరణ ధ్రువపత్రం లేదు. అది లేక కేసు ఆగిందని రెండు వరసల ఇంగ్లీషు రాసి, చివర "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని పంపాను.

నాలుగు నెలలకి ఆవిడ వచ్చింది. ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది. "కాయితం వచ్చి నాలుగు నెలలైపోనాది బాబూ, డబ్బులింకా రానేదు" అంది. ఎనిమిదో తరగతి చదివే కొడుకు, నీడ్ అంటే అవసరం, ఫుల్ అంటే నిండా, అవసరానికి నిండా ఇస్తారని చెప్పాడట. ఆ ధైర్యంతో ఊళ్లో అప్పు కూడా చేసింది.

"అమ్మా, మీ ఇంటాయన పోయినట్టు సర్టిఫికెట్టు తేవాలి" అన్నాను.

"ఇంతేనా బాబూ? ఆ ముక్కేదో కాయితంలోనే రాస్తే పోను గదా!"

వారం తిరక్కుండా తెచ్చింది. వడ్డీ ఎంత కట్టిందో అడిగే మొహం లేకపోయింది నాకు.

కన్యాశుల్కంలో వెంకమ్మగారు ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు అప్పజెబుతారు. ఆవిడ సంబరపడుతుంది. గురజాడవారు ఆ నాటకాన్ని 1897లోనే అచ్చువేశారు. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగువారు జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. ఆ ఇద్దరి గడ్డ మీద కూర్చుని నేను ఆ ఉత్తరం రాశాను.

తరవాత ప్రతి ఇంగ్లీషు ఉత్తరానికీ ఒక తెలుగు చీటీ గుచ్చి పంపేవాణ్ణి. పైఅధికారి ఒకరు కోప్పడ్డారు. అయినా మానలేదు.

సభ్యులకి ఒక్క మనవి. రేపు ఫ్యామిలీ పెన్షను తీసుకోవలసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఏ కాగితం ఎక్కడుందో, ఎవరికి ఇవ్వాలో తెలుగులో రాసి మీ పి.పి.ఓ. పక్కన పెట్టండి. నేను రాసి మా ఆవిడ చేతికిచ్చాను. చదివి, రెండుచోట్ల అర్థం కాలేదంది. తిరగరాస్తున్నాను.