ఏరి చూపిన వాక్యాలు

బడిలోంచి పుస్తకాన్ని తీసేయించేవాళ్లను ఛాందసులని కొట్టిపారేయడం తేలిక. దానివల్ల మనకు తృప్తి మిగులుతుంది గాని, నిషేధం ఎలా నడుస్తుందో బోధపడదు. అందుకే ఇక్కడ వాళ్ల మనస్తత్వాన్ని పక్కనపెట్టి, వాళ్ల చేతిలోని కాగితాన్ని చూద్దాం. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలండ్ ట్రీస్ పాఠశాల బోర్డు సభ్యులు ముగ్గురు ఒక తల్లిదండ్రుల సంఘం సభకు వెళ్లి, అభ్యంతరకరమన్న పుస్తకాల జాబితా పట్టుకొచ్చారు. అందులోవి పదకొండు తమ బడుల్లో దొరికాయి. అమెరికాకు, క్రైస్తవానికి, యూదులకు వ్యతిరేకమనీ, పచ్చి బూతులనీ బోర్డు ప్రకటన చేసింది. ఆ పదకొండింటిలో బెర్నార్డ్ మాలముడ్ నవల 'ది ఫిక్సర్' ఒకటి. రాసినాయన యూదుడు, కథ జారు రష్యాలో చేయని హత్యకు జైలుపాలైన యూదుడిది. తప్పుపట్టిన భాగాల్లో యూదుల మీద విసిరిన తిట్టు కూడా ఉంది. తిట్టిన పాత్రను, తిట్టు తిన్న మనిషిని, ఆ మనిషి పక్షాన నిలిచిన నవలను వదిలేసి తిట్టునొక్కదాన్నే కోసి తెస్తే, నవల తాను దేన్ని ఎండగట్టిందో దానికే దోషిగా నిలబడుతుంది. ఇక్కడ అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు, చూపించిన ప్రతి మాటా పుస్తకంలో ఉన్నదే.

బడి ఎప్పుడూ ఎంపిక చేస్తూనే ఉంటుంది కదా, కొనని పుస్తకాలన్నీ నిషేధించినట్టేనా అని అడగొచ్చు. గట్టి ప్రశ్నే. కానీ కొనేటప్పుడు పుస్తకం మొత్తాన్ని పిల్లల చదువుతో తూచి చూస్తారు, తీసేసేటప్పుడు ఒక పేజీ చాలు. పైగా ఆ బోర్డే నలుగురు తల్లిదండ్రులు, నలుగురు సిబ్బందితో సమీక్షా సంఘం వేసింది. ఆ సంఘం ఐదు పుస్తకాలు ఉంచమంది, రెండు తీసేయమంది. బోర్డు తొమ్మిది తీసేసింది, సంఘం మాట ఎందుకు తోసిపుచ్చిందో కారణం చెప్పలేదు. తల్లిదండ్రుల హక్కు మాటేమిటంటారా? రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్'ని తల్లిదండ్రుల అనుమతి ఉంటే ఇవ్వవచ్చని అదే బోర్డు ఒప్పుకుంది. ఒక పుస్తకానికి సరిపోయిన ఉపాయం తక్కినవాటికి ఎందుకు పనికిరాలేదు? తన బిడ్డ చదవకూడదనడం తల్లి హక్కు, పక్కింటి బిడ్డ సంగతి ఆ హక్కులోకి రాదు. విద్యార్థులు కోర్టుకెక్కారు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల వైపు మొగ్గింది గాని, రాజ్యాంగ ప్రశ్న మీద న్యాయమూర్తుల్లో మెజారిటీ కుదరలేదు. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి పావెల్ అయితే ఆ ఏరిన భాగాలనే దానికి అనుబంధంగా జతచేశారు!

మనకిది కొత్త కాదు. కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికాసాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో అచ్చువేయిస్తే, మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని ఎంచిన పద్యాలను పట్టుకుని కావ్యం మొత్తాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. అది బడిపుస్తకం కాదు నిజమే, పద్ధతి మాత్రం అదే.

పిల్లల వయసును పట్టించుకోవద్దా అన్న అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. పట్టించుకోవాల్సిందే, ఏ పుస్తకం ఏ తరగతికన్నది ఉపాధ్యాయులు తేల్చాలి. అయితే 2022 జనవరిలో టెనెసీలోని మెక్‌మిన్ కౌంటీ బోర్డు ఆర్ట్ స్పీగెల్మన్ బొమ్మల పుస్తకం 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠ్యప్రణాళిక నుంచి 10-0తో తొలగించినప్పుడు, చర్చ నడిచింది ఎనిమిది దుర్భాషల మీద, ఒక నగ్నచిత్రం మీద. ఆ చిత్రం ఆత్మహత్య చేసుకున్న రచయిత తల్లిది. నాజీల ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడిన మనిషి ఆమె.