చివరి పరీక్షల ముందు వచ్చే బెట్ట

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1989 పదో తరగతి బ్యాచ్. పిల్లల చదువుల మీద మాట్లాడమని మన సంఘం కార్యదర్శి అడిగితే, నాకన్నా బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారన్నాను. "నీ కొడుకు సంగతి చెప్పప్పా, చాలు" అన్నాడు. వాణ్ణి అడిగే వచ్చాను.

మావాడు అప్పుడు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. ఫస్టియర్‌లో మంచి మార్కులే వచ్చాయి. సంక్రాంతి సెలవులు అయిపోయాక మనిషి మారిపోయాడు. పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ తిరగదు. ప్రీ ఫైనల్ ఫిజిక్స్‌లో మార్కులు సగానికి పడిపోయాయి. కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు.

ఇక నేను మొదలుపెట్టాను. మీ ఇళ్లలో మీరు చెప్పేదే. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మన అనంతపురం ఒకటని, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే ఎక్కువని, మా నాయన చెనక్కాయ వేస్తే కొన్నేళ్లు విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదని, నేను బుడ్డి దీపం ముందు చదివి ఉద్యోగం తెచ్చుకున్నానని. ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

అసలు సంగతి మా అమ్మ బయటపెట్టింది. ఒక ఆదివారం ఆమె ఊరిబిండికి చెనక్కాయలు వలుస్తుంటే వాడు పోయి పక్కన కూర్చున్నాడట. కాసేపటికి, "అవ్వా, ర్యాంకొస్తే నాన్న నన్ను చెన్నైకి పంపిస్తాడు. రాకపోతే లాంగ్‌టర్మ్‌కు విజయవాడ పంపిస్తాడు. ఎట్లయినా పంపేదే కదా" అన్నాడట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మమ్మల్ని కరువు వెనకాల నుంచి తరిమింది. చదవకపోతే బెంగళూరుకు కూలికి పోయే బస్సెక్కాలి, అంతే. ఆ భయం నా కొడుకు చూడలేదు. చూడకూడదనే కదా నేను ఇన్నేళ్లు ఉద్యోగం చేసింది! వాడికి అనంతపురమంటే అవ్వ, స్నేహితులు, సాయంత్రం ఆర్డీటీ గ్రౌండ్‌లో క్రికెట్. చివరి పరీక్ష రాస్తే ఇవన్నీ వదిలిపోవాలి. నేను బద్ధకం అనుకున్నది వాడి దిగులు.

చెనక్కాయ పండించిన ఇళ్లలో పుట్టినవాళ్లం, మనకు తెలియంది కాదు. ఊడలు దిగే సమయానికి బెట్ట తగిలితే ఆకు పచ్చగా కనపడుతున్నా లోపల కాయ పట్టదు. అప్పుడు పైరును ఎవరూ తిట్టరు, ఒక్క తడి ఎట్లా ఇవ్వాలా అని చూస్తారు. 2016 ఆగస్టులో మన జిల్లాలో రెయిన్‌గన్లు పెట్టింది అందుకే. ఎన్ని ఎకరాలు దక్కాయనే వాదంలోకి నేను పోను.

మరుసటి రోజు ఫోన్ తిరిగి ఇచ్చేశాను. రాత్రి పదికి ఫోన్లు హాల్లో టీవీ దగ్గర ఉండాలని ఒప్పందం, నాది కూడా. పరీక్షలు అయ్యేదాకా ఏ ఊరి పేరూ ఎత్తనని మాట ఇచ్చాను. మన ఊళ్లోనే 1916 నాటి ఆర్ట్స్ కాలేజీ ఉంది, 1948లో మద్రాసు నుంచి తరలివచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, తర్వాత చూద్దామన్నాను. "ఎన్ని మార్కులొస్తాయి?" అని అడగడం మాని, "ఈరోజు ఏ చాప్టర్?" అని అడిగేవాణ్ణి. వాడి పక్కనే కూర్చుని నా ఆఫీసు ఫైళ్లు చూసుకునేవాణ్ణి. అంతా సాఫీగా జరిగిందనుకోకండి. మధ్యలో రెండుసార్లు మళ్లీ అరిచాను.

ఇంకొకటి ఉంది. నేను సీనియర్ ఇంటర్ లెక్కల్లో తప్పాను. అప్పట్లో సెప్టెంబరు దాకా ఆగాలి, ఒక ఏడాది పోయేది. నా కరువు కథలో ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ పాత మెమో తీసి వాడి ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, నీకు పాస్ మార్కులు కూడా రాలేదా?" అని నవ్వాడు. నెల రోజుల తర్వాత వాడి నవ్వు చూడటం అదే.

ఇప్పుడు సప్లిమెంటరీ వేసవిలోనే పెడుతున్నారు, ఏడాది పోదు. ఈ మాట పిల్లలకు పరీక్షల ముందే చెప్పాలి. ఫలితాలొచ్చిన మరుసటి రోజు పేపర్లో ఎలాంటి వార్తలు వస్తున్నాయో మీరు చూస్తూనే ఉన్నారు. తిండి, నిద్ర, స్నేహితులు మూడూ వదిలేసిన బిడ్డను, "నేను లేకపోతే" అని మాట్లాడే బిడ్డను నాలాగా బద్ధకమని తిట్టి ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. 14416 టెలి మానస్ నంబరు రాసుకోండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.

మావాడు పాసయ్యాడు. నేననుకున్న ర్యాంకు రాలేదు. ఇప్పుడు మన ఊళ్లోనే డిగ్రీ చదువుతున్నాడు, రోజూ అన్నం టైముకు ఇంటికొస్తాడు. నాకు లోపల కాస్త వెలితిగా ఉంది, అబద్ధమెందుకు? దాన్ని వాడి ముందు పెట్టకుండా ఉండటం ఇంకా నేర్చుకుంటున్నాను.

హెడ్‌మాస్టరు గారికి, సంఘానికి ఒక విన్నపం. ఏటా టాపర్లకు బహుమతులిస్తున్నాం, ఇవ్వాల్సిందే. దానితోపాటు, సంక్రాంతి తర్వాత ఒక శనివారం మనలో ఒకసారి తప్పి మళ్లీ రాసినవాళ్లు మన బడికొచ్చి పదో తరగతి పిల్లలతో గంటసేపు కూర్చోవాలి. ఈ హాల్లో అట్లాంటివాళ్లు ఎవరెవరున్నారో నాకు కొంత తెలుసు. చేతులెత్తమనను, భయపడకండి. ముందు నా పేరు రాసుకోండి. మెమో తెచ్చుకుంటాను.