ఏ గడిలో ఉన్నాం మనం? – వీధుల లెక్కలు, స్త్రీల హక్కులు

(మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల్లో బస్సుల్నీ, రోడ్లనీ, మనుషుల రాకపోకల్నీ కంప్యూటర్ల ద్వారా ఎలా నిర్వహిస్తున్నారో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది ఇంజనీర్ల వ్యవహారం కదా, కుటుంబహింస గురించీ, కూలిరేట్ల గురించీ, ఆస్తిహక్కు గురించీ పనిచేసే మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఎందుకో చెప్పటానికి ఒక పాత విషయం గుర్తుచేస్తాను.

1991 జనాభా లెక్కల్లో పని గురించి అడిగే ప్రశ్నకు కొన్ని మాటలు కొత్తగా చేర్చారు. సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనిని కూడా కలుపుకుని జవాబు రాయమన్నారు. స్త్రీల కోసం పనిచేసే సంస్థలు పట్టుబట్టాకే ఆ మాటలు చేరాయి. అంతకుముందు నాట్లు వేసి, కలుపు తీసి, పశువుల్ని సాకిన స్త్రీని కూడా ఎన్నో ఇళ్ళల్లో “ఇంట్లోనే ఉంటుంది” అని రాసుకుని పోయేవారు. ఫారంలో గడి లేకపోతే మనిషి లేనట్టే. ఈరోజు నేను చెప్పేదంతా ఆ గడి గురించే.

2011 జనాభా లెక్కల్లో, పనికి ఎంత దూరం వెళ్తారు, ఎలా వెళ్తారు అని అడిగారు. సాగు, వ్యవసాయ కూలి, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్ళకే ఆ ప్రశ్న వేశారు. పిల్లల్ని బడిలో దింపి, రేషన్ షాపుకి వెళ్ళి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, మధ్యలో కూరలు కొనుక్కుని వచ్చే స్త్రీ ప్రయాణానికి అందులో చోటు లేదు. నగరాలకు ప్రణాళికలు వేసేది ఇలాంటి లెక్కలతోనే.

ఇప్పుడు ఆ లెక్కలు కాగితం మీదనుంచి కంప్యూటర్లోకి మారాయి. ఒక్కో నగరం ఒక్కో తీరుగా రాసుకుంటే ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు. అందుకని అందరూ ఒకే నమూనాలో రాయాలని ఒప్పుకుంటారు. దాన్నే ఉమ్మడి ప్రమాణం అంటారు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఇలాంటిదొకటి మొదలయింది. అక్కడి రవాణా సంస్థ ట్రైమెట్‌లో పనిచేసే బిబియానా మెక్‌హ్యూ, కారులో వెళ్ళేవాళ్ళకు దారి దొరికినంత సులువుగా బస్సెక్కేవాళ్ళకు ఎందుకు దొరకకూడదని అడిగింది. ఆ సంస్థ, గూగుల్ కలిసి తయారుచేసిన నమూనా పేరు జి.టి.ఎఫ్.ఎస్. అందులో పెద్ద మాయ ఏమీ లేదు. స్టాపుల పట్టిక, రూట్ల పట్టిక, ఏ బస్సు ఏ స్టాపుకి ఎన్నింటికి వస్తుందో చెప్పే పట్టిక, అంతే. ఈరోజు ప్రపంచమంతటా ఫోన్లో బస్సు దారి చూపించేది ఎక్కువగా ఈ పట్టికలే. మన దేశంలో కొచ్చి మెట్రో, ఢిల్లీ ప్రభుత్వం 2018లో తమ సమాచారాన్ని ఈ నమూనాలో అందరికీ తెరిచి పెట్టాయి.

ఆ స్టాపుల పట్టికలో, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఇక్కడ బస్సెక్కగలరా అనే గడి ఉంది. అది ఉండబట్టే ఒక వికలాంగురాలు “మీ నగరంలో ఎన్ని స్టాపులు నాకు పనికొస్తాయి?” అని నిలదీయగలదు. కానీ స్టాపు దగ్గర దీపం వెలుగుతుందా అనే గడి అందులో లేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చే నర్సుకి బస్సు వేళ ఎంత ముఖ్యమో ఆ దీపమూ అంతే ముఖ్యం.

అసలు లెక్కలోకే రానివాళ్ళ సంగతి చూడండి. కెన్యా రాజధాని నైరోబీలో పేదలు ఎక్కువగా ప్రయాణించేది మటాటు అనే ప్రైవేటు వ్యాన్లలో, మన షేర్ ఆటోల్లాగా. వాటి రూట్లు, స్టాపులు నమూనాకి సరిపడే రూపంలో ఎక్కడా లేవు. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఒక్కో రూట్లో తిరిగి, నూటముప్ఫైకి పైగా రూట్లను అదే నమూనాలోకి ఎక్కించారు. కచ్చితమైన వేళలు లేని బండ్ల కోసం దాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది కూడా. 2014లో ఆ మ్యాపు బయటికి వచ్చింది. నమూనా పైనుంచి దిగిన శాసనం కాదు, అడిగి మార్పించుకోవచ్చు అనటానికి ఇది నిదర్శనం.

ఇక రెండో వైపు. లెక్కలోకి రావటం ఎప్పుడూ మేలే అనుకోవటానికి లేదు.

2018లో లాస్ ఏంజెలెస్ నగరం అద్దె స్కూటర్ల కోసం ఎం.డి.ఎస్. అనే నమూనా తయారుచేసింది. కంపెనీలు స్కూటర్లను ఫుట్‌పాత్‌ల మీద పడేసి పోతుంటే నడిచేవాళ్ళకు, చక్రాల కుర్చీలవాళ్ళకు దారి లేకుండా పోయింది. కంపెనీల్ని అదుపు చెయ్యాలన్న నగరం ఉద్దేశం న్యాయమైనదే. అయితే ప్రతి ప్రయాణం ఎక్కడ మొదలై, ఏ దారిన పోయి, ఎన్నింటికి ఎక్కడ ముగిసిందో నగరానికి ఇవ్వాలన్నారు. పేర్లు అడగలేదు కదా అన్నారు. ఇది ప్రజలమీద నిఘా అని పౌరహక్కుల సంస్థ ఎ.సి.ఎల్.యు. 2020లో కోర్టుకెక్కింది. 2022లో అప్పీలు కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. ప్రయాణికులు తామే ఆ సమాచారాన్ని కంపెనీకి ఇచ్చారు కాబట్టి అది గోప్యంగా ఉంటుందని ఆశించటానికి లేదంది.

పేరు లేకపోతే చాలా? రోజూ ఒకే ఇంటినుంచి బయలుదేరి ఒకే చోట ఆగే ప్రయాణం ఎవరిదో తెలుసుకోవటానికి పేరు అక్కర్లేదు. కొట్టే భర్తనుంచి తప్పించుకుని ఆశ్రయ గృహంలో ఉన్న స్త్రీకి ఆ వివరం తప్పుడు చేతిలో పడితే ఏమవుతుందో ఈ సభలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన దగ్గరికి వద్దాం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. కండక్టరు జీరో టిక్కెట్టు కొట్టిన ప్రతిసారీ ఒక స్త్రీ ప్రయాణం లెక్కకెక్కుతుంది. ఇది మన చేతికొచ్చిన సాక్ష్యం. ఏ రూట్లో, ఏ వేళలో ఎంతమంది స్త్రీలు కిక్కిరిసి వెళ్తున్నారో చూపించి బస్సులు పెంచమని అడగవచ్చు. కానీ బస్సే రాని బస్తీలో, తొమ్మిది దాటితే బస్సు ఉండదని పనే మానుకున్న స్త్రీకి టిక్కెట్టు లేదు, కాబట్టి లెక్కా లేదు. ఆ లెక్క మనమే తియ్యాలి.

అది సాధ్యమే. 2013లో మొదలైన సేఫ్టీపిన్ సంస్థ వీధిని కొలవటానికి తొమ్మిది అంశాలు పెట్టుకుంది. వెలుతురు, నడవటానికి దారి, చుట్టూ మనుషులు, వాళ్ళలో స్త్రీలు ఎందరు, అక్కడ మనకి ఎలా అనిపిస్తుంది – ఇవన్నీ వాటిలో ఉన్నాయి. ఢిల్లీలో చీకటి చోట్లను గుర్తించి దీపాలు పెట్టించటానికి ఆ లెక్కలు ఉపయోగపడ్డాయి. భయం కూడా కొలవదగిన విషయమేనని అక్కడ ఒప్పించారు.

కాబట్టి మన సంఘాలు నగరపాలక సంస్థలనీ, ఆర్టీసీనీ నాలుగు విషయాలు అడగాలని నా ప్రతిపాదన. ఒకటి, మీ పట్టికల్లో ఏ గడులున్నాయో బయటపెట్టండి. రెండు, వెలుతురు, మరుగుదొడ్డి, కూర్చునే చోటు, చివరి బస్సు తర్వాత మిగిలిపోయే దూరం – వీటికి గడులు పెట్టండి. మూడు, రూటు మొత్తానికీ, గంట మొత్తానికీ కలిపిన లెక్క చాలు, ఒక్కో మనిషి దారి భద్రపరచవద్దు. ఉంచితే ఎన్నాళ్ళు, ఎవరి చేతిలో అన్నది రాతపూర్వకంగా చెప్పండి. 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థల్ని మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది కనుక, ఈ హామీ మనం విడిగా రాబట్టుకోవాలి. నాలుగు, ఈ నమూనాలు నిర్ణయించే కమిటీల్లో బస్సెక్కే స్త్రీలు ఉండాలి.

అడగటానికి ముందు మన చేతిలో కాగితం ఉండాలి. వచ్చే మూడు నెలల్లో ప్రతి సంఘమూ తన బస్తీలోని ఒక్క స్టాపుని ఎంచుకుని, సాయంత్రం ఆరునుంచి పదివరకు వారం రోజులు రాసిపెట్టండి: ఎన్ని బస్సులు రావాలి, ఎన్ని వచ్చాయి, ఎందరు స్త్రీలు ఎదురుచూశారు, ఎందరు విసిగి నడిచి వెళ్ళారు, దీపం వెలిగిందా. ఎవరి పేరూ రాయవద్దు. మనం అడిగే నియమం ముందు మనం పాటించాలి.