బ్లింక్-182: ముగ్గురూ మాట్లాడుకోవడానికి ముప్పై ఏళ్లు

ఇవాళ్టి ఎపిసోడ్ బ్లింక్-182 గురించి. అమెరికాలో 'బ్లింక్ వన్ ఎయిటీ టూ' అంటారు, నేనూ అలాగే అంటాను. రాక్ మ్యూజిక్ అలవాటు లేనివాళ్ల కోసం ముందు ఒక్క ముక్క. పాప్-పంక్ అంటే పంక్ రాక్‌లో ఉండే ఆ పరుగు, ఆ గిటార్ రొద అలాగే ఉంచేసి, పైన మాత్రం ఒక్కసారి వింటే నోట్లో ఆడే ట్యూన్ పెట్టడం. పాట సాధారణంగా మూడు నిమిషాలు దాటదు. అమ్మాయిలు, స్కూలు, ఇంట్లో గొడవలు, బూతు జోకులు... సబ్జెక్టు ఎక్కువగా ఇదే.

ఈ బ్యాండ్ గురించి చెప్పేవాళ్లు మామూలుగా హిట్ల లెక్క చెప్పేసి వదిలేస్తారు. నాకైతే ఇది వేలమంది ముందు నోటికొచ్చిందల్లా వాగగలిగిన ముగ్గురు, తమలో తాము మాత్రం నోరు విప్పలేకపోయిన కథ.

1992. కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గర పౌవే అనే ఊరు. టామ్ డిలాంగ్‌కి 16 ఏళ్లు, మార్క్ హాపస్‌కి 20. మార్క్ చెల్లెలు ఇద్దరికీ పరిచయం చేసింది. మొదటి రోజే టామ్ దగ్గర గొప్ప కోసం మార్క్ వీధి దీపం స్తంభం ఎక్కి, దిగేటప్పుడు కాళ్లకి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు చంక కర్రలే! డ్రమ్స్ మీద స్కాట్ రేనర్, వాడికి 14. పేరు 'బ్లింక్' అంతే. ఐర్లండ్‌లో అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉందని, కోర్టుకి వెళ్తామని బెదిరిస్తే 1995లో వెనకాల 182 తగిలించారు. ఆ నంబర్‌కి అర్థం ఏంటంటే ఒక్కో ఇంటర్వ్యూలో ఒక్కో కథ చెప్తారు. మీరు ఏదీ నమ్మక్కర్లేదు.

'చెషైర్ క్యాట్', 'డ్యూడ్ రాంచ్' ఆల్బమ్‌లు వచ్చాయి, వ్యాన్‌లో ఊరూరా తిరిగారు. 1998లో స్కాట్‌ని తీసేసి ట్రావిస్ బార్కర్‌ని తెచ్చారు. నన్నడిగితే అసలు బ్యాండ్ ఇక్కడే మొదలైంది. ట్రావిస్ అప్పటిదాకా 'ది అక్వాబ్యాట్స్' అనే ఇంకో బ్యాండ్‌లో ఉన్నాడు. టూర్ మధ్యలో పిలిస్తే బ్లింక్ పాటలన్నీ గంటలోపే నేర్చుకుని స్టేజి ఎక్కాడు. స్కూల్లో మార్చింగ్ బ్యాండ్ డ్రమ్స్ కొట్టినవాడు. మిగతా ఇద్దరూ వాయించేది చాలా సింపుల్, వెనకాల వీడు మాత్రం నాలుగు చేతులున్నట్టు కొడతాడు. పాట తేలిగ్గా వినిపిస్తుంది, కానీ చప్పగా ఉండదు. రహస్యం అదే.

1999లో ప్రొడ్యూసర్ జెర్రీ ఫిన్‌తో 'ఎనిమా ఆఫ్ ది స్టేట్'. టైటిల్‌కి అర్థం ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పకండి. కోటి కాపీలు దాటి అమ్ముడైంది. 'ఆల్ ద స్మాల్ థింగ్స్' వీడియోలో అప్పటి బాయ్ బ్యాండ్‌లన్నిటినీ వెక్కిరించారు, తీరా చూస్తే టీవీలో వాళ్ల పక్కనే వీళ్లూ స్టార్లయి కూర్చున్నారు. అదే ఆల్బమ్‌లో 'ఆడమ్స్ సాంగ్' ఉంది. టూర్లలో తనకి కలిగిన ఒంటరితనం మీద మార్క్ రాసినది. జోకుల మధ్య అంత బరువైన పాట. పక్కనే ఉన్న స్నేహితులతో అనలేనిది పాటలో పెట్టాడని నాకనిపిస్తుంది.

2001లో వచ్చిన ఆల్బమ్ అమెరికా చార్ట్‌లో నేరుగా నంబర్ వన్. పైకి అంతా బాగుంది. అదే ఏడాది టామ్ ఇంకాస్త చీకటిగా ఉండే మ్యూజిక్ చేద్దామని 'బాక్స్ కార్ రేసర్' అనే సైడ్ ప్రాజెక్ట్ పెట్టాడు. బయటి డ్రమ్మర్‌కి డబ్బులెందుకని ట్రావిస్‌నే పిలిచాడు. మార్క్‌ని పిలవలేదు. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి ఇది నాకు బాగా అర్థమవుతుంది. టీమ్‌లో ఉన్నదే ముగ్గురు. ఇద్దరు పక్క రూమ్‌లోకెళ్లి వేరే ప్రాజెక్ట్ చేసుకుంటుంటే, మూడోవాడు తన సీట్లో కూర్చుని ఏమనుకోవాలి? మార్క్‌కి అది గుచ్చుకుంది. దాన్ని ఎవరూ కూర్చుని తేల్చుకోలేదు.

అలా ఉంటూనే 2003లో వాళ్ల బెస్ట్ ఆల్బమ్ చేశారు, టైటిల్ కూడా లేనిది. 'ది క్యూర్' బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ కూడా ఒక పాట పాడాడు అందులో. 2005 ఫిబ్రవరికి బ్యాండ్ ఆగిపోయింది. చివరికి టామ్ మాట మేనేజర్ ద్వారా మిగతా ఇద్దరికీ చేరే స్థితి. మార్క్, ట్రావిస్ 'ప్లస్ ఫార్టీ ఫోర్' పెట్టుకున్నారు, టామ్ 'ఏంజెల్స్ అండ్ ఎయిర్‌వేవ్స్'.

2008 ఆగస్టులో జెర్రీ ఫిన్ చనిపోయాడు. సెప్టెంబర్ 19న సౌత్ కరోలినాలోని కొలంబియాలో ట్రావిస్ ఎక్కిన చిన్న విమానం టేకాఫ్‌లో టైర్లు పేలి, రన్‌వే దాటి వెళ్లి అంటుకుంది. నలుగురు పోయారు. వాళ్లలో ట్రావిస్ అసిస్టెంట్, సెక్యూరిటీ గార్డు కూడా ఉన్నారు. ఒంట్లో సగానికి పైగా కాలిపోయి ట్రావిస్ నెలల తరబడి హాస్పిటల్లో ఉన్నాడు. టామ్ అతనికి ఉత్తరం రాసి, ఒక ఫొటో పంపాడు. 2009 ఫిబ్రవరిలో గ్రామీ స్టేజి మీద ముగ్గురూ నిలబడి మళ్లీ కలిశామన్నారు.

కలిశారు సరే, మాట్లాడుకున్నారా? 2011 ఆల్బమ్ 'నెయిబర్‌హుడ్స్' చాలావరకు వేరు వేరు స్టూడియోల్లో చేశారు. టామ్ శాన్ డియాగోలో, మిగతా ఇద్దరూ లాస్ ఏంజెలిస్‌లో. మనం గిట్‌లో కోడ్ పుష్ చేసుకున్నట్టు ఫైళ్లు పంపుకున్నారు. వినండి, ఆ దూరం పాటల్లోనే తెలిసిపోతుంది. 2015 జనవరిలో టామ్ మానేశాడని ఇద్దరూ ప్రకటించారు, నేను మానలేదని టామ్ అన్నాడు. ఒకే బ్యాండ్‌లో ఉన్నవాళ్లకి ఇది కూడా మీడియాలోనే తేలాలా!

టామ్ ఎగిరే పళ్లాల పరిశోధన మీద పడ్డాడు. నవ్వకండి, అతని సంస్థ బయటపెట్టిన వీడియోల్ని 2020లో పెంటగాన్ అధికారికంగా విడుదల చేసింది. ఇక్కడ 'ఆల్కలైన్ ట్రియో' నుంచి మ్యాట్ స్కిబా వచ్చాడు. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు విన్న బ్లింక్ ఇదే, 2016 'కాలిఫోర్నియా'. నంబర్ వన్ అయింది, గ్రామీ నామినేషన్ తెచ్చింది. ఫ్యాన్స్ స్కిబాని స్టెప్నీ టైర్‌లా చూశారు. అది అన్యాయం. అతను లేకపోతే టామ్ తిరిగి రావడానికి బ్యాండే మిగిలేది కాదేమో.

2021 జూన్‌లో మార్క్ కీమో కుర్చీలో కూర్చున్న ఫొటోని దగ్గరివాళ్లకి పంపబోయి పొరపాటున ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ పెట్టేశాడు. లింఫోమా, నాలుగో స్టేజి. వాళ్లమ్మ గెలిచి బయటపడిన క్యాన్సర్ కూడా అదే రకం. అప్పుడు ముగ్గురూ ఎదురెదురుగా కూర్చున్నారు. పాత లెక్కలు తీశారు. సెప్టెంబర్‌కి మార్క్‌కి క్యాన్సర్ లేదని తేలింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో టామ్ తిరిగొస్తున్నాడని చెప్పారు. ఆ సమయంలో టామ్ అందరూ చూసేలా స్కిబాకి థాంక్స్ రాశాడు. ఆ పని నాకు చాలా నచ్చింది.

2023 ఏప్రిల్‌లో కోచెల్లా ఫెస్టివల్లో, ముందు లిస్టులో పేరే లేకుండా వచ్చి వాయించారు. రెండో వారం ఫ్రాంక్ ఓషన్ తప్పుకుంటే అతని స్లాట్ కూడా వీళ్లకే ఇచ్చారు. అక్టోబర్‌లో 'వన్ మోర్ టైమ్' ఆల్బమ్, ప్రొడ్యూసర్ ట్రావిసే. టైటిల్ పాటలో విమాన ప్రమాదం, జబ్బు రెండూ వస్తాయి. ఇంత జరిగితే గానీ ఒకరికొకరం కావాలని చెప్పుకోలేమా అని తమనే అడుక్కుంటారు. అప్పటికి యాభైకి అటూ ఇటూ ఉన్న మనుషులు, స్టేజి మీద మాత్రం అవే పిచ్చి జోకులు.

కొత్తగా వినేవాళ్లు 1999 ఆల్బమ్‌తో మొదలుపెట్టి, తర్వాత 2003ది మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ముఖ్యంగా డ్రమ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.