కదలని బొమ్మ, వణకు తెర



కదలు బొమ్మను చూపుట కష్టమనియు, కదలని బొమ్మను చూపుట సులభమనియు లోకులు తలంతురు. టెలివిజన్ విషయమున ఈ మాట తలక్రిందులైనది. పరుగెత్తు గుఱ్ఱమును చక్కగా చూపిన తెరయే, గోడనున్న పటమును చూపబోయి వణకినది. దీని కారణమును, విరుగుడును తెలిసికొనుట గ్రంథాలయాభిమానులకు అప్రస్తుతము గాదు. ఏలయన, తెరపై చదువవలసిన అక్షరము గూడ కదలని బొమ్మయే.

పాత టెలివిజన్ పెట్టెలో ఎలక్ట్రానుల ధార తెరపై ఎడమనుండి కుడికి గీతలు గీయుచు క్రిందికి దిగెడిది. మన దేశమున అమలైన పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. వానిలో కంటికి కనబడు బొమ్మకు చెందినవి 576. సెకనుకు పూర్తి బొమ్మలు 25. కాని సెకనుకు 25 మారులు మాత్రమే వెలిగి ఆరు తెర కన్నులకు మిణుకుమిణుకుమనును. 50 పూర్తి బొమ్మలు పంపుదమన్న, ప్రసారమునకు రెట్టింపు వెడల్పుగల మార్గము కావలెను.

ఈ చిక్కును విప్పిన ఉపాయము సేద్యగానికి సుబోధము. చాలు విడిచి చాలు దున్నినట్లు, మొదట బేసి గీతలన్నియు గీసి, మరల పైకి వచ్చి నడుమ విడిచిన సరి గీతలను పూరింతురు. ఇట్లు సెకనుకు 50 అర బొమ్మలు వచ్చును. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థవాడైన ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లోను, అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థవాడైన రాండల్ బల్లార్డ్ 1932లోను ఈ మార్గమును కనుగొనిరి. 1936 నవంబరు 2న లండనులో బి.బి.సి. ఆరంభించిన ప్రసారములకు వాడిన రెండు పద్ధతులలో 405 గీతలది ఇట్లే నడిచెను.

ఉపాయమున్నచోట అపాయము గూడ నుండును. ఒక్క గీత మందము గల సన్నని అడ్డగీత బేసి వరుసలలోనో, సరి వరుసలలోనో ఒక్కచోటనే పడును. అది సెకనుకు 25 మారులే వెలుగును. చుట్టునున్నదంతయు నిలిచియుండగా అదియొక్కటి వణకును. కెమెరా పట్టిన దృశ్యమున అంచులు కొంత మెత్తనగుటచే ఈ దోషము మఱుగుపడును. కంప్యూటరు గీసిన బొమ్మలలో అంచులు కత్తివాదరవలె నుండుటచే దాగదు. మన లిపిలో దీర్ఘముయొక్క కొస, వత్తుయొక్క సన్నని గీత ఇట్లే చలించును.

విరుగుడు లెక్కలోనే యున్నది. శతావధాని పద్యములన్నిటిని ధారణలో నిలిపినట్లు, యంత్రము బొమ్మనంతయు స్మృతిలో నిలుపును. పిమ్మట ప్రతి గీతను పంపునపుడు, తన వెలుగులో అర్ధరూపాయి, పై గీతనుండి పావలా, క్రింది గీతనుండి పావలా కలిపి పంపును. ఇప్పుడు సన్నని గీత చోట జమాఖర్చు చూడుడు. అది బేసి వరుసదైనచో, బేసి అర బొమ్మలో అర్ధరూపాయి వెలుగు. సరి అర బొమ్మలో ఇరుగుపొరుగున రెండు పావలాలు, అనగా మరల అర్ధరూపాయియే. రెండు పద్దులు సరిపోయినవి; వణకు అణగినది.

ఇది ఉచితముగా వచ్చినది గాదు. ఒక గీత మూడు గీతలపై పరచుకొనుటచే బొమ్మ వాడి తగ్గును. అందుచే అక్షరముల గీతలను మొదటనే రెండు గీతల మందమునకు తక్కువ గాకుండ వ్రాయుట మేలు.

పరుగెత్తు గుఱ్ఱమును మధ్యలో నిలిపి చూపుటలో చిక్కు వేఱు. రెండు అర బొమ్మల నడుమ సెకనులో 50వ వంతు కాలము గడచును. గుఱ్ఱము ముందునకు జరిగియుండును. రెంటిని కలిపి నిలిపినచో అంచులు దువ్వెన పండ్లవలె చీలును. కావున ఒక్క అర బొమ్మనే గ్రహించి, లోటు గీతలను పొరుగు గీతలనుండి పూరింతురు.

1975 ఆగస్టు నుండి 1976 జూలై వఱకు ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో గూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు టెలివిజన్ పాఠములు అందెను. ఊరంతయు ఒక పెట్టె ముందు కూర్చుండినపుడు, వెనుక వరుసవాని కంటికి కావలసినది తళుకు గాదు, నిలుకడ. నేటి పలుచని తెరలు గీత విడిచి గీత వెలుగవు. అయినను పాత టేపులలోని నాటకములను, సంగీత సభలను నేటి తెరలకెక్కించువారు ఈ లెక్కను ఎఱుగకున్న ఆ బొమ్మలు చెడును.

అక్షరము నిలిచిననే చదువరి నిలుచును. పుస్తకమున అది ఏ యంత్రసాయము లేక నిలిచియున్నది. ఈ రజతోత్సవ వేళ ఆ భాగ్యమును స్మరింతము గాక.